కేబుల్ తీసేశాక అత్తయ్యగారు

పోయినవారం జానకిని వాళ్ల సందు మొగలో, చేతిలో కొత్తిమీర కట్టతో నిలబెట్టి వచ్చేశాం. ఎదురింటి రామతులసి గేటు మీద మోచేతులు ఆనించి, గొంతు బాగా తగ్గించి, "అక్కయ్యా, నువ్వేమీ అనుకోనంటే ఒక మాట. మీ అత్తగారు రోజూ వెళ్లేది వాకింగ్‌కి కాదు. మెయిన్ రోడ్డు దాకా నడిచి, అక్కడ కేబుల్ అంతోని బండెక్కి వెళ్లిపోతున్నారు. నా కళ్లతో మూడుసార్లు చూశాను" అంది.

కథ ఇవాళే అందుకున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. జానకి భర్త శేషగిరిరావు మైలవరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. పిల్లలు తగ్గిపోయారని కాలేజీవాళ్లు అందరి జీతాల్లోనూ మూడో వంతు కోసేశారు. ఆ ఆదివారం గుణదలలోని అద్దె వాటాలో ఇంటిల్లిపాదీ కూర్చుని ఏమేం మానెయ్యొచ్చో మాట్లాడుకున్నారు. కూతురు రాగిణి తన ఫోన్‌లో నెట్ ప్యాక్ తగ్గించుకుంది. శేషగిరిరావు బస్టాండులో తాగే రెండు టీలూ మానేస్తానన్నాడు. కేబుల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఆ ఇంట్లో టీవీ అంటే అత్తగారు సంపూర్ణమ్మదే. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా వరసగా ఏడు సీరియళ్లు. ఎవరూ నోరు తెరవకముందే ఆవిడే, "తీయించెయ్యండి. చూసీ చూసీ నాకూ విసుగొచ్చేసింది" అంది. అంతోని వచ్చి పెట్టె విప్పుకుని వెళ్లి రెండున్నర నెలలైంది.

ఇక ఈ వారం సంగతి.

రామతులసి మాట విన్న దగ్గర్నుంచి జానకికి ముద్ద దిగటం లేదు. ఇంకేముంటుంది, అత్తయ్యగారు సీరియళ్లు చూడటానికి అంతోని ఇంటికి వెళ్తున్నారు. డబ్బు మిగుల్చుకుందామని ఎవరి కనెక్షన్ పీకించామో వాళ్లింట్లోనే కూర్చుని, వాళ్లిచ్చే కాఫీ తాగుతూ, వాళ్ల టీవీ చూస్తున్నారు. అరవై ఒక్క ఏళ్ల మనిషి! వీధిలో ఎంతమందికి తెలుసో! అందరూ తనను ఏమనుకుంటున్నారో! ఆవిడకు ఇంట్లో ఏం తక్కువ చేశానని? అయినా అంత చూడాలనిపిస్తే, "అమ్మాయ్, ఉండబట్టలేకపోతున్నాను" అని ఒక్క మాట అంటే తను పెట్టించదా?

బెంజిసర్కిల్ దగ్గర డయాగ్నస్టిక్ సెంటర్లో జానకి ల్యాబ్ టెక్నీషియన్. మర్నాడు రక్తం తీస్తున్నంతసేపూ ఆమె బుర్రలో ఇదే తిరిగింది. నాలుగింటికి పర్మిషన్ పెట్టి బయటపడి, మెయిన్ రోడ్డు మీద మందుల షాపు పక్కన ఒక ఆటో మాట్లాడుకుని అందులోనే కూర్చుంది. సరిగ్గా ఐదుంపావుకి సంపూర్ణమ్మ వచ్చింది. నీలం నేత చీర, పైన పాత స్వెట్టరు, కాళ్లకు రాగిణి కాన్వాసు బూట్లు. ఈ ఎండల్లో స్వెట్టరేమిటి? జానకి ఆశ్చర్యం తీరకముందే అంతోని బండి వచ్చి ఆగింది. ఆవిడ రోజూ అలవాటైన మనిషిలా పక్కకు తిరిగి ఎక్కి కూర్చుంది.

"ఆ నల్లబండి వెనకాల పోనివ్వు బాబూ. మరీ దగ్గరగా వద్దు."

ఆటో అతను అద్దంలోంచి చూసి, "ఎవరండీ, మీవారా?" అన్నాడు జాలిగా.

"మా అత్తగారు."

అతను వెనక్కి తిరిగి ఒకసారి తేరిపార చూసి, ఆటో స్టార్ట్ చేశాడు.

బండి అంతోని ఇంటివైపు తిరగలేదు. కాలువ వంతెన దాటి, కుడివైపు మట్టిరోడ్డు పట్టుకుని, నిన్న మొన్నటిదాకా చెరుకు పండిన పొలాల్లోకి వెళ్లింది. ఇప్పుడవి ప్లాట్లు. రాళ్లు పాతారు, సిమెంటు రోడ్లు పోశారు, కరెంటు స్తంభాలు కూడా వేశారు, ఇళ్లు మాత్రం లేవలేదు. జానకి ఆటోను దూరంగా ఆపించి దిగేసరికి అంతోని ఒక్కడే బండికి చేరగిలబడి వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. అత్తగారి జాడ లేదు. దూరంగా సిమెంటు రోడ్డు మీద ఎవరో ఆడమనిషి తలకు పెద్ద హెల్మెట్ పెట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎగదోపి, స్కూటీ తోలుకుంటోంది. ఆమె పక్కన ఇంకో ఆమె పరిగెడుతోంది. అంతకుమించి అక్కడ మనుషుల్లేరు.

జానకి గబగబా వెళ్లి అంతోని ముందు నిలబడింది.

"అంతోనిగారూ, మా అత్తయ్యగారు ఏరి?"

అతను వేరుశనక్కాయల పొట్లం జారవిడిచాడు. యాభై దాటిన మనిషి, ఇరవై రెండేళ్లుగా ఆ పేటలో కేబుల్ నడుపుతున్నవాడు, బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లాడిలా అటూ ఇటూ చూశాడు.

"మేడంగారూ, మీరు... ఇటు..."

"అడిగినదానికి చెప్పండి. ఆవిడ మీ బండి ఎక్కటం నేను చూడలేదనుకుంటున్నారా? ఇవాళ ఇటెందుకు తీసుకొచ్చారు? రోజూ మీ ఇంట్లోనేనా కూర్చోబెడుతున్నారు? కనెక్షన్ తీయించేశామని మా పరువు ఇలా తీస్తారా? సీరియళ్లు చూడకపోతే ఆవిడకి ఊపిరాడదని నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"సీరియళ్లాండీ?" అన్నాడు అంతోని అయోమయంగా. "పెద్దమ్మగారు మా ఇంట్లో సీరియల్ ఎప్పుడు చూశారండీ?"

"మరి ఏరి?"

అతను గడ్డం ఎత్తి రోడ్డు వైపు చూపించాడు.

హెల్మెట్ మనిషి మలుపు తిరిగి వీళ్లవైపే వస్తోంది. నీలం చీర, పైన స్వెట్టరు. జానకి అది ఎవరో గుర్తుపట్టటమూ, ఆ హెల్మెట్ లోపలి కళ్లు జానకిని గుర్తుపట్టటమూ ఒక్కసారే జరిగాయి.

"అమ్మాయ్!" అని గట్టిగా కేక పెట్టింది సంపూర్ణమ్మ.

"బ్రేకు పిన్నిగారూ, బ్రేకు! బ్రేకు నొక్కండి!" అంటూ పక్కన పరిగెడుతున్న ఆమె అరిచింది.

సంపూర్ణమ్మ బ్రేకు తప్ప అన్నీ నొక్కింది. హారన్ మోగింది, లైటు వెలిగింది, ఇండికేటరు టిక్కుటిక్కుమంది. స్కూటీ రోడ్డు దిగి తిన్నగా వెళ్లి, ఎవరో ప్లాటు యజమాని పోయించుకున్న ఇసుక గుట్టలోకి సగం దాకా దూరి ఆగింది. ఆవిడ హ్యాండిల్ వదల్లేదు. నెమ్మదిగా, ఎంతో మర్యాదగా ఒక పక్కకు ఒరిగి ఇసుకలో కూర్చుంది.

ముగ్గురూ పరిగెత్తారు. జానకి ముందు చేరింది. చేతులు, మోకాళ్లు, మెడ అన్నీ తడిమి చూసింది.

"ఎక్కడైనా తగిలిందా? చెయ్యి కదపండి. ఇలా మడవండి. వేళ్లు ముడవండి..."

"ఏమీ తగల్లేదే. స్వెట్టరు అందుకేగా వేసుకుంది. ముందు ఈ హెల్మెట్ తియ్యి, చెవులు మండిపోతున్నాయి."

హెల్మెట్ తీశాక, చెమటకు అతుక్కున్న తెల్లజుట్టుతో, బుగ్గన ఇసుకతో ఆవిడ మొహం చూస్తే జానకికి నవ్వొచ్చింది. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది.

"ఏమిటండీ ఇదంతా?"

"కనపడటంలా? డ్రైవింగు."

అంతోని నెమ్మదిగా కలగజేసుకున్నాడు. "మా ఇంటామె అమలమ్మ అండీ" అంటూ పక్కామెను చూపించాడు. "ఆడవాళ్లకి బండి నేర్పుతోంది. పేటలో కనెక్షన్లు ఒక్కొక్కటే ఊడిపోతుంటే ఇల్లు గడవాలి కదాండీ. మీ ఇంటికి పెట్టె విప్పుకోటానికి వచ్చిన రోజు నా మొహం చూసి పెద్దమ్మగారు కూర్చోమని కాఫీ ఇచ్చారు. నీ సంగతేంటి అంతోనీ, ఎలా నెట్టుకొస్తున్నావని అడిగారు. కనెక్షన్ తీయించుకున్న పదమూడు ఇళ్లలో ఆ మాట అడిగింది ఆవిడొక్కరే. ఇదీ సంగతని చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, మీ ఆవిడ నాకు నేర్పుతుందా అన్నారండీ."

"మొదట నేనూ భయపడ్డాను చెల్లెమ్మా" అంది అమలమ్మ, చెమట తుడుచుకుంటూ. "ఈ వయసులో ఎముక విరిగితే ఎవరిది పూచీ అని. కానీ పిన్నిగారికి ఉన్నంత పట్టుదల ఇరవై ఏళ్ల పిల్లలకి లేదు. ఎల్ఎల్ఆర్ పరీక్షకి కూడా మీ రాగిణి ప్రశ్నలడుగుతుంటే జవాబులు చెప్పి చదువుకున్నారు."

"రాగిణికి తెలుసా!"

సంపూర్ణమ్మ ఇసుక దులుపుకుంటూ, "బూట్లు ఎవరివనుకున్నావు మరి" అంది.

జానకి చేతిలోని హెల్మెట్ ఇసుకలో పడేసింది. "అందరికీ తెలుసు. నాకు తప్ప. నేనేం అడ్డం పడతానని నాకు చెప్పలేదు అత్తయ్యగారూ? రామతులసి వచ్చి చెప్తే నాకెలా ఉంటుంది? మీకు టీవీ లేకుండా చేసి వీధులపాలు చేశానని అందరూ అనుకుంటుంటే, మీరు ఇక్కడ..."

ఆవిడ లేచి నిలబడింది. కోడలి మొహంలోకి సూటిగా చూసింది.

"నువ్వు నాకు చెప్పావా?"

"నేనా? నేనేం దాచాను?"

"ఆ రత్తయ్యగారు నీకు పొద్దుటి షిఫ్టుకి ఇన్‌ఛార్జి ఇస్తానన్నాడా లేదా? జీతం పెంచుతానన్నాడా లేదా?"

రత్తయ్య జానకి పనిచేసే సెంటర్ మేనేజరు. మూడు నెలల కిందట నిజంగానే అడిగాడు. డ్యూటీ పొద్దున్న ఐదున్నరకు. ఆ వేళప్పుడు వీళ్ల సందు దగ్గర షేర్ ఆటోలు ఉండవు. విడిగా ఆటో మాట్లాడుకుంటే పెరిగిన జీతం దానికే సరి. శేషగిరిరావు హాస్టలు పిల్లల స్టడీ అవర్‌కి ఐదింటికల్లా మైలవరం బస్సెక్కాలి. తను బండి నేర్చుకుందామంటే, పదకొండేళ్ల కిందట ఏలూరు రోడ్డు మీద కంకరలో జారి పడి మెడ దగ్గర ఎముక విరిగినప్పటి నుంచి హ్యాండిల్ చూస్తేనే అరచేతులకు చెమటలు. అందుకే కుదరదని చెప్పేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే బాధపడటం తప్ప చేసేదేముంది?

"మీకెలా తెలుసు?"

"పెరట్లో బట్టలారేస్తూ ఫోన్లో మాట్లాడావు. 'లేదండీ, నాకు కుదరదండీ, వేరేవాళ్లకి ఇచ్చెయ్యండి' అన్నావు. ఫోన్ పెట్టేసి చీర పిండుతూ నిలబడ్డావు. పిండిన చీరనే మళ్లీ పిండావు, మళ్లీ పిండావు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను." సంపూర్ణమ్మ గొంతు మెత్తబడింది. "ఆ ఆదివారమే మీరంతా కేబుల్ గురించి తటపటాయిస్తూ కూర్చున్నారు. అప్పుడనుకున్నాను, ఈ పిల్ల జీతం పెరిగే ఉద్యోగం వదులుకుని, నా సీరియళ్లు మాత్రం ఉండాలని చూస్తోందే అని. సిగ్గేసింది నాకు."

"అయ్యో, అదేం మాటండీ..."

"ఉండు, చెప్పనీ. తీయించిన మొదటి మూడు రోజులూ పిచ్చెక్కినట్టే ఉంది. ఆరయ్యేసరికి చేతులు ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. కరివేపాకు దూసిందే దూశాను. ఆ ఏడు కథల్లో ఎవరికేమైందో అని ఒకటే ఆరాటం. నాలుగో రోజు ఇక్కడికి వచ్చి ఈ బండెక్కాను. ఇంటికెళ్లాక చూసుకుంటే, ఆ సాయంత్రం ఒక్క సీరియలూ గుర్తు రాలేదు. మీ మామగారి స్కూటరు వెనకాల ముప్పై ఏళ్లు కూర్చున్నానే జానకీ. ఒక్కసారి తోలనివ్వండి అని అడగాలని నాకూ తోచలేదు, నేర్చుకుంటావా అని అడగాలని ఆయనకీ తోచలేదు."

అమలమ్మ, అంతోని స్కూటీని ఇసుకలోంచి లాగుతూ, వినీ విననట్టు ఉన్నారు.

"లైసెన్సు రానీ, అప్పుడు చెబుదామనుకున్నాను" అంది సంపూర్ణమ్మ. "ముందే చెప్తే మీ ఆయన 'ఈ వయసులో ఎందుకమ్మా' అంటాడు. నువ్వు ఒట్టు పెట్టించుకుంటావు. పోయిన శుక్రవారం టెస్టుకి వెళ్లాను కూడా. ఎనిమిది అంకె తిప్పుతుంటే కాలు కింద పెట్టానని ఫెయిల్ చేశాడు. వచ్చే శుక్రవారం మళ్లీ. ఈసారి అయిపోతుంది. ఆ తర్వాత పొద్దున్నే ఐదింటికి నిన్ను నేను దింపుతాను. అటునుంచి పాలు తెచ్చుకుంటాను."

"బండేదండీ?"

"ఇదే. అమలమ్మ కొత్తది కొనుక్కుంటోందిట. దీన్ని మనకిస్తుంది. కేబుల్‌కి ఇచ్చే డబ్బులే నెలనెలా ఇమ్మంది."

"అంటే నేను నెల మొదట్లో డబ్బులకి మీ ఇంటికి రావటం మానక్కర్లేదండీ" అన్నాడు అంతోని. అతని మొహంలో చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వులా ఉంది అది.

జానకి నవ్వబోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అత్తగారి బుగ్గ మీద ఇసుక ఇంకా అలాగే ఉంటే పమిట చెంగుతో తుడిచింది. ఆవిడ కాసేపు తుడవనిచ్చి, ఆ చెయ్యి పట్టుకుని స్కూటీ దగ్గరికి లాక్కెళ్లింది.

"ఎక్కు."

"నేనా? వద్దండీ బాబూ!"

"వెనకాలేగా. ఒక్క చుట్టు. ఇక్కడ మనల్ని గుద్దే బండి లేదు, చూసేవాళ్లూ లేరు."

"ఇసుక గుట్ట ఉందిగా!"

"ఇందాక నిన్ను చూసి కంగారు పడ్డాను. ఇప్పుడు నువ్వు వెనకాల ఉంటావు, కనపడవు."

అమలమ్మ పక్కన నడుస్తానని మాటిచ్చాక, జానకి రెండు చేతులతో అత్తగారి నడుము పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఎక్కింది. బండి ఒక్క కుదుపుతో కదిలింది. మొదటి కరెంటు స్తంభం దాకా ఆమె ఊపిరి బిగబట్టే ఉంది. రెండో స్తంభం దగ్గర కళ్లు తెరిచింది. గాలి చల్లగా తగులుతోంది. పక్కన నడుస్తానన్న అమలమ్మ ఎప్పుడో వెనకబడిపోయింది. ముందు ఆ చిన్న వీపు నిటారుగా ఉంది. భుజాలు కాస్త బిగుసుకున్నాయి కానీ చేతులు వణకటం లేదు. మలుపు దగ్గర వేగం తగ్గించి, పద్ధతిగా ఇండికేటర్ వేసి, ఎవరూ లేని రోడ్డు మీద హారన్ కూడా కొట్టి తిప్పింది సంపూర్ణమ్మ.

"భయమేస్తోందా?" అంది తల తిప్పకుండా.

"తక్కువగానే."

"నాక్కూడా."

చుట్టు పూర్తయి ఆగగానే జానకి దిగి, హ్యాండ్‌బ్యాగులోంచి ఫోన్ తీసి కాస్త దూరంగా వెళ్లింది. రత్తయ్య నంబరు నొక్కింది.

"నమస్తే అండీ, జానకిని. ఆ పొద్దుటి షిఫ్టు... ఎవరికైనా ఇచ్చేశారా అండీ?"

అవతల ఆయన ఏదో పెద్దగా చెప్తున్నాడు. ముగ్గురూ ఇటే చూస్తున్నారు.

"సరేనండీ. ఒకటో తారీఖు నుంచా? వస్తానండీ. తప్పకుండా వస్తాను. వాహనమా? ఉందండీ... మా అత్తయ్యగారు దింపుతారు."

ఫోన్ పెట్టేసి ఇటు తిరిగేసరికి అమలమ్మ చప్పట్లు కొడుతోంది. "ఆ షిఫ్టు తీసుకున్న మనిషి మొన్న మానేశారట. రేపు పొద్దున వేరేవాళ్లకి మాట ఇచ్చేసేవాణ్ణి అన్నారు" అంది జానకి. అని, హఠాత్తుగా భయం వేసి, "అత్తయ్యగారూ, శుక్రవారం పాసవుతారుగా?" అంది.

"అయ్యేదాకా మీ ఆయనతో మాత్రం అనకు" అంది సంపూర్ణమ్మ.

"ఇంకా దాచటమా? వద్దండీ. ఇవాళే చెప్పేద్దాం."

చివరికి చెప్పటానికే నిర్ణయమైంది. బండి బేరం సంగతి సార్‌తో తానే మాట్లాడతానని అంతోని కూడా వెంట బయల్దేరాడు. అత్తాకోడళ్లు ఆటోలో ముందు, అతను బండి మీద వెనక. దారిపొడుగునా సంపూర్ణమ్మ టెస్టులో ఎనిమిది అంకె ఎలా తిప్పాలో వేలితో గాలిలో గీసి చూపిస్తూనే ఉంది. జానకి ఎన్నాళ్లకో అంతగా నవ్వింది.

సందులోకి తిరగ్గానే గోడకు డ్రిల్లు పెడుతున్న చప్పుడు వినిపించింది. అది తమ వాటాలోంచే. పిట్టగోడ మీద తెల్లగా మెరుస్తూ కొత్త డిష్. దాని పక్కన నిచ్చెన మీద ఎవరో వైరు లాగుతున్నారు. గుమ్మంలో శేషగిరిరావు నడుం మీద చేతులు పెట్టుకుని, పైకి చూస్తూ నిలబడ్డాడు. రోజూ ఎనిమిదికి గానీ ఇల్లు చేరని మనిషి, ఆరున్నరకే లుంగీలో ఉన్నాడు.

"వచ్చావా అమ్మా!" అన్నాడు మొహం ఇంత చేసుకుని. "రామతులసి నాకు ఫోన్ చేసి అంతా చెప్పింది. నాదే తప్పు. నువ్వు అడగలేకపోయావు, నేను తెలుసుకోలేకపోయాను. ఇక నువ్వు ఎవరింటికీ వెళ్లక్కర్లేదు. రాత్రి నీ ఏడు సీరియళ్లూ మనింట్లోనే. ఏడాదికి ఒకేసారి కట్టేశాను!"

అత్తాకోడళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. వెనక బండి ఆపిన అంతోని తలెత్తి డిష్ వైపు చాలాసేపు చూసి, "ఇదాండీ సార్? వానొస్తే బొమ్మ రాదండీ" అన్నాడు దిగులుగా.

ముందు తేరుకున్నది జానకే. "ఏమండీ, ఏడాదికా? డబ్బెక్కడిదండీ?"

"కాలేజీవాళ్లు ఇవాళ నాకు రావాల్సిందంతా ఇచ్చేశారు."

"అంతా అంటే?"

"అంతా అంటే అంతానే. రేపట్నుంచి నేను మైలవరం వెళ్లటం లేదు."

పైన డ్రిల్లు ఆగింది.

"మానేశావా గిరీ? మానిపించారా?" అంది సంపూర్ణమ్మ.

శేషగిరిరావు మొహంలో నవ్వు చెరగలేదు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. తల్లి చెయ్యి చాపింది కానీ, అతను దాన్ని భార్య చేతిలో పెట్టాడు.

"చదువు. కూర్చుని చదువు" అన్నాడు.

జానకి నిలబడే మొదటి వాక్యం చదివింది. రెండో వాక్యం దగ్గర, ఇంట్లోకి వెళ్లేదాకా ఆగలేక, గుమ్మం మెట్టు మీదే కూర్చుండిపోయింది.

ఆ కాగితంలో ఏముందో వచ్చేవారం.